పాలిషర్ స్టార్ట్ చేస్తే చాలు, నాలుగు డ్రైవులు స్క్రీన్ మీద ఎర్రగైతున్నయి

మిల్లుకరెంటు
మాది మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. మొత్తం 14 డ్రైవులు (మోటర్ల స్పీడు మార్చే పెట్టెలు), అన్నీ ఒకే ఆర్‌ఎస్-485 లైను (రెండు వైర్ల డేటా లైను) మీద ఉన్నయి. మోడ్‌బస్ ఆర్టీయూ (డ్రైవులతోటి మాట్లాడే పద్ధతి), స్పీడు సెకండుకు 19200 బిట్లు. పీఎల్‌సీ (ప్రోగ్రాంతోటి నడిచే కంట్రోలర్) మాస్టర్, ముంగట హెచ్‌ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్). స్పీడు పెట్టుడు, స్టార్ట్ స్టాప్, కరెంటు చూసుడు అన్నీ దాంట్లకెళ్లే.
పాలిషర్ (బియ్యం తెల్లగ చేసే మిషను, 60 హెచ్‌పీ) నడవకుంటే ఏ లొల్లి లేదు. అది స్టార్ట్ చేసినంక పది నిమిషాలల్ల 11, 12, 13, 14 నంబర్లు స్క్రీన్ మీద ఎర్రగైతయి, అంటే జవాబు ఇస్తలేవన్నట్టు. మోటర్లు మాత్రం తిరుగుతనే ఉంటయి. ఇన్ని రోజులు పోనీలే అని ఊకున్న.
మొన్న రాత్రి 5 నంబర్ ఆగింది, అది డ్రయ్యర్ ఎలివేటర్. ఎర్రగ కాలేదు, ట్రిప్ కాలేదు, ఉత్తగనే ఆగింది. కింద ఫీడింగ్ కన్వేయర్ మాత్రం ఆగలే. ఎలివేటర్ గుంత నిండి, బకెట్లు ఇరిగినయి. ఉడికిన వడ్లు తెల్లారేదాక పారలతోటి తోడినం. ప్యానెల్ చేసినాయన ఫోనెత్తుతలేడు. ఎక్కడికెళ్లి చూడాలె?

బాడ్‌రేట్_బాబాయ్
19200 ఎందుకు, 9600 పెట్టు. సగం జబ్బులు పోతాయి.

పాతప్యానెల్
ఇదిగో, ఇందుకే నేను డ్రైవులకి నెట్‌వర్కు అంటే ఒప్పుకోను. ఒక్కో డ్రైవుకి స్టార్ట్ స్టాప్ రెండు వైర్లు, స్పీడుకి 4-20 మిల్లీఆంప్స్ ఒక జత, ట్రిప్ కాంటాక్టు ఒక జత. తెగితే ఒకటే ఆగుద్ది. మీరు 14 మంది ప్రాణాలు రెండు వైర్ల మీద పెట్టి, ఇప్పుడు దయ్యం పట్టిందంటారు.

మిల్లుకరెంటు
బాబాయ్, 9600 కూడ చూసిన. పది నిమిషాలకు బదులు ఇరవై నిమిషాలకు ఎర్రగైంది, అంతే తేడా.

లహరి_ఇన్‌స్ట్రు
సెట్టింగులు కెలకడం ఆపండి ముందు. పాలిషర్ తిరిగితేనే వస్తోందంటే సగం సమాధానం మీరే చెప్పేశారు. నాకు మూడు సంగతులు కావాలి.
ఒకటి, ఏ కేబుల్ వాడారు, ఏ దారిలో వెళ్తోంది, డ్రైవు నుంచి డ్రైవుకి గొలుసులా వెళ్తోందా, మధ్యలో జంక్షన్ బాక్సులో చీలిందా? రెండు, రెండు వైర్లే ఉన్నాయా, కామన్ (అన్నిటికీ కలిపి ఉండే రిఫరెన్స్ వైరు) కూడా లాగారా? మూడు, అన్ని ప్యానెళ్లకీ పవర్ తీసేసి, డ్రైవుల లైట్లు ఆరాక, ఏ-బీ (ఆ రెండు డేటా వైర్లు) మధ్య మల్టీమీటర్‌తో ఎన్ని ఓములు చూపిస్తోంది? మాస్టర్ దగ్గర ఒకసారి, 14 దగ్గర ఒకసారి కొలవండి.

ఊకపొయ్యి
లహరి గారు ఓములు అడిగారంటే ఇంకేముందండి, దొరికిపోయినట్టే. మీటరు పెట్టకుండా వైర్లు పీకేవాళ్లే ఎక్కువ. మావోడైతే ముందు కొబ్బరికాయ కొడతాడు.

స్పిన్నింగ్_శీను
కొబ్బరికాయ కొట్టినా టెర్మినేషన్ (లైను చివర రెసిస్టరు) పెట్టాల్సిందే అన్నాయ్.

జెద్దా_పంపుహౌస్
నల్గొండ అన్నా, కొలిచేలోపు నా కథ ఒకటి విను. ఇక్కడ పంప్‌హౌసుల చేరిన కొత్తల నాతోటి రీడింగుల స్క్రీన్ చేయించిన్రు. చేసిన. 15 కిలోవాట్ల పంపు 537 ఆంపియర్లు గుంజుతున్నదని చూపెట్టింది. ఉరికిన. పంపు ఆగి ఉన్నది! ఆగి ఉన్న పంపు 537 ఆంపియర్లు ఎట్ల గుంజుతది? మా సూపర్‌వైజరు రిపోర్టు గూడ పంపిండు.
సంగతి ఏందంటే రిజిస్టర్ (డ్రైవుల ఒక్కో విలువ ఉండే గది) నంబరు ఒకటి జరిగింది. కొన్ని పుస్తకాలు రిజిస్టర్లను 40001 నుంచి లెక్కపెడతయి, లైను మీద పోయేది మాత్రం సున్నా నుంచి. ఆ ఒకటి కలుపుడా తీసుడా అన్నకాడ నేను తప్పిన. కరెంటుకు బదులు పక్కనున్న డీసీ బస్ (డ్రైవు లోపలి డీసీ) వోల్టేజీ చదివిన. 380 వోల్టుల సప్లైకి డీసీ బస్ 537 వోల్టులే గదా.

బాడ్‌రేట్_బాబాయ్
😂 537 ఆంపియర్ల పంపు ఆగి ఉంటేనే అంత తాగితే, తిరిగితే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఉండేదా.

రిజిస్టర్_రాజు
డెల్టా డ్రైవుల్లో సరిగ్గా ఇదే జరుగుద్ది. 2103హెచ్ అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ, 2104హెచ్ కరెంటు, 2105హెచ్ డీసీ బస్, 2106హెచ్ అవుట్‌పుట్ వోల్టేజీ. పక్కపక్కనే ఇళ్లు, తలుపు తప్పితే వేరే ఇంట్లో భోజనం. కొత్త డ్రైవు కలిపినప్పుడు నేను ముందు డీసీ బస్ చదువుతా. మోటరు తిప్పకుండానే తెలిసిన విలువ అదొక్కటే. మన 415కి 585 చుట్టుపక్కల వస్తే అడ్రసు, స్కేలు రెండూ సరిపోయినట్టు.

మిల్లుకరెంటు
లహరి మేడమ్, కొలిచిన. మాస్టర్ కాడ 41 ఓములు. 14 కాడ 43.
కేబుల్ మాస్టర్ నుంచి 9 దాక షీల్డ్ (వైర్ల చుట్టు లోహపు తొడుగు) ఉన్నది. 9 నుంచి 14 దాక మామూలు కంట్రోల్ కేబులు, 1.5 స్క్వేర్, షీల్డ్ లేదు, మెలిక లేదు. అప్పట్ల కేబుల్ తక్కువ పడితే స్టోర్‌ల ఉన్నది వేసిన్రంట. అది పాలిషర్ మోటర్ కేబుల్ ఉన్న ట్రేలనే ఓ 40 మీటర్లు పోతది. గొలుసే, జంక్షన్ బాక్సు లేదు. కామన్ లాగలే, రెండు వైర్లే.

లహరి_ఇన్‌స్ట్రు
41! బావుంది. లైనుకి ఆ చివర ఒక 120, ఈ చివర ఒక 120, మధ్యలో ఏమీ ఉండకూడదు. రెండు 120లు పక్కపక్కన ఉంటే మీటరు 60 చూపించాలి. బయాస్ రెసిస్టర్లు (ఎవరూ మాట్లాడనప్పుడు లైనుని స్థిరంగా ఉంచేవి) ఉంటే 60 కన్నా కాస్త తగ్గుద్ది గానీ 41కి దిగదు. 120ని మూడుతో భాగిస్తే 40. అంటే మూడో టెర్మినేషన్ ఎక్కడో మధ్యలో ఆన్‌లో ఉంది. చాలా డ్రైవుల్లో కమ్యూనికేషన్ టెర్మినళ్ల పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. ఒక్కో డ్రైవు తెరిచి చూడండి.
ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆర్‌ఎస్-485 డ్రైవర్ చిప్ 54 ఓముల లోడు మీద కనీసం 1.5 వోల్టులు ఇవ్వాలని లెక్క. 40కి దింపితే ఆ వోల్టులు పడిపోతాయి. అవతలి చివర రిసీవర్‌కి 200 మిల్లీవోల్టుల తేడా చాలు కాబట్టి మామూలుగా నడిచిపోతుంది. ఇప్పుడు దాని మీద 60 హెచ్‌పీ డ్రైవు కొట్టే స్పైకులు, అదీ మెలిక లేని వైరు మీద, 40 మీటర్లు పక్కపక్కన. చివర ఉన్న నలుగురికే వినపడటం లేదంటే ఆశ్చర్యం ఏముంది.

పాతప్యానెల్
ఈ అమ్మాయి చెప్పింది కరెక్టు. అయినా 4-20 అయితే ఈ గోలే లేదు.

రిజిస్టర్_రాజు
పెద్దాయనా, 4-20లో ట్రిప్ ఎందుకయిందో తెలుస్తుందా? ఏ ఫాల్టు, ఆ క్షణంలో కరెంటెంత, డీసీ బస్ ఎంత? రాత్రి రెండింటికి మిల్లుకి వెళ్లి కీప్యాడ్ బటన్లు నొక్కాలి.

పాతప్యానెల్
నొక్కేవాళ్లం. కాళ్లుండేవి మాకు.

మిల్లుకరెంటు
దొరికింది!! 5 నంబర్‌ల స్విచ్ ఆన్‌ల ఉన్నది. యాదికొచ్చింది, పోయిన సీజన్ల 5 కాలిపోతే మా ఓనరు వాళ్ల బావమరిది మిల్లుకెళ్లి పాత డ్రైవు తెచ్చి పెట్టినం. ఆడ అది లైను చివర ఉండెనంట. స్విచ్ ఆఫ్ చేసిన. ఇప్పుడు 60.5.
కానీ మేడమ్, నా అసలు నష్టం 5 ఆగుడు. అదేమో ఎర్రగ కాలే, మాస్టర్‌కు దగ్గర్లనే ఉన్నది, షీల్డ్ కేబుల్ మీదనే ఉన్నది. మరి అదెందుకు ఆగింది?

ఊకపొయ్యి
బావమరిది డ్రైవు కదండి, బావమరిది మాటే వింటుంది.

రిజిస్టర్_రాజు
నల్గొండ అన్నా, 5లో కమ్యూనికేషన్ టైమౌట్ ఎంత పెట్టి ఉందో చూడు. అలాగే టైమౌట్ అయితే ఏం చేయాలో ఇంకో పారామీటరు ఉంటుంది, అదీ చూడు. పీఎల్‌సీలో ఒక్కో డ్రైవు జవాబు కోసం ఎంతసేపు ఆగుతుంది, ఎన్నిసార్లు అడుగుతుంది?

మిల్లుకరెంటు
5ల టైమౌట్ 5.0 సెకండ్లు. చర్య: వార్నింగ్ ఇచ్చి మెల్లగ ఆగు. మిగతా 13ల టైమౌట్ 0.0 ఉన్నది.
పీఎల్‌సీల 1 సెకండ్, 3 సార్లు.

రిజిస్టర్_రాజు
సరిపోయింది లెక్క. మోడ్‌బస్‌లో మాస్టర్ ఒకరి తర్వాత ఒకరినే పిలుస్తాడు. స్కూల్లో హాజరు తీసినట్టు. పిలిచినవాడు పలక్కపోతే సెకను ఆగి మళ్లీ, ఇంకోసారి. ఒక్కొక్కడికి 3 సెకన్లు. చివర నలుగురు పలకట్లేదు, 12 సెకన్లు గల్లంతు. ఆ 12 సెకన్లు 5 నంబరుని ఎవరూ పిలవలేదు. అది 5 సెకన్లు చూసింది, మాస్టర్ పోయాడనుకుంది, మర్యాదగా ఆగిపోయింది. తిరిగి పిలిచేసరికి చక్కగా పలికింది, అందుకే ఎర్రగా లేదు. చెడిపోయింది చివరి నలుగురు, ఆగింది బాగున్నవాడు.

స్పిన్నింగ్_శీను
అబ్బ. చేసిందొకడు, చెంపదెబ్బ ఇంకొకడికి.

మిల్లుకరెంటు
రాజన్నా దండం. ఎర్రగైనప్పుడల్ల స్క్రీన్ మొద్దుబారుతుండె, బటన్ నొక్కితే ఎప్పటికో తీసుకుంటుండె. ఇప్పుడర్థమైంది ఎందుకో. 5ల గూడ టైమౌట్ 0.0 పెట్టేస్త అయితే. ఇగ ఆగదు.

లహరి_ఇన్‌స్ట్రు
వద్దు. 0.0 అంటే మాస్టర్ చచ్చిపోయినా తెలుసుకోవద్దు అని. రేపు పీఎల్‌సీ ఆగితే 14 మోటర్లూ చివరి స్పీడులో అలాగే తిరుగుతాయి, మీ స్క్రీన్ మీద స్టాప్ పనిచేయదు. నిజానికి ఇన్నాళ్లూ 13 డ్రైవులు అలాగే ఉన్నాయి, అది ఇంకా పెద్ద సమస్య.

బాడ్‌రేట్_బాబాయ్
అయితే అన్నిటికీ 5 సెకన్లు పెట్టి, తెగితే అన్నీ ఆగేలా పెట్టుకో. సింపుల్.

ఊకపొయ్యి
బాబాయ్ గారూ, ఆ మాట మాత్రం అనకండి. నేను ఊక బాయిలర్ల దగ్గర పనిచేస్తా. ఐడీ ఫ్యాన్ (పొగ లాగేది) ఆగి ఎఫ్‌డీ ఫ్యాన్ (గాలి ఊదేది) తిరిగితే ఫర్నేస్‌లో పీడనం ఎదురు తిరుగుద్ది. పొయ్యి తలుపు సందుల్లోంచి మంట బయటికొస్తుంది, ముందు ఫైర్‌మ్యాన్ నిలబడి ఉంటాడు. ఒకసారి మా దగ్గర ఇలాగే ఐడీ ఆగితే అతని కనుబొమ్మలు కాలాయి. అదృష్టం, అంతటితో పోయింది. ఐడీ ఫ్యాన్‌కి కమ్యూనికేషన్ తెగితే వార్నింగ్ ఇచ్చి తిరుగుతూనే ఉండు అని పెట్టాలి. ఎఫ్‌డీకి, ఊక ఫీడర్‌కి ఆగు అని పెట్టాలి. అంతే కాదు, ఐడీ తిరక్కపోతే ఎఫ్‌డీ తిరక్కూడదు. ఆ ఇంటర్‌లాక్ రిలేతో వైరింగులో ఉండాలి, పీఎల్‌సీలో కాదు.

లహరి_ఇన్‌స్ట్రు
నేనూ అదే రాయబోయాను. ఒక్కో మిషనుకి విడిగా ఆలోచించాలి. ఎలివేటర్ ఆగొచ్చు, కానీ దానికి పోసేది దాని కన్నా ముందు ఆగాలి.
మీ కన్వేయర్ ఎందుకు ఆగలేదో కూడా చెప్పండి. ఎలివేటర్ ఆగితే కన్వేయర్ ఆగాలని పీఎల్‌సీలో లేదా?

మిల్లుకరెంటు
ఉన్నది. ప్రోగ్రాం తెలిసిన పిలగాన్ని పిలిపించి చూపిచ్చిన. 5ల ఫాల్ట్ బిట్ (ట్రిప్ అయిందని చెప్పే గుర్తు) వస్తే కన్వేయర్ ఆపు అని రాసి ఉన్నది. అది ఫాల్ట్ రాలే కదా, వార్నింగ్ ఇచ్చి ఆగింది. బిట్ రానేలేదు.

రిజిస్టర్_రాజు
చూశావా. ఫాల్టు లేదు అంటే తిరుగుతోంది అని కాదు. అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ చూసి ఆపాలి, కనీసం రన్ బిట్ అయినా.

పాతప్యానెల్
డ్రైవు 50 హెర్ట్జ్ ఇస్తుంటే బెల్టు జారితే? మీ రిజిస్టర్ 50 అనే చూపిస్తుంది, బకెట్లు కదలవు. ఎలివేటర్ కింది షాఫ్టుకి ఒక బోల్టు, ఎదురుగా ప్రాక్సిమిటీ సెన్సార్. బోల్టు కనపడటం ఆగితే రిలే పడిపోయి కన్వేయర్ కాంటాక్టు తెగాలి. 1994 నుంచి పెడుతున్నా. ఒక్క వెబ్‌సైటూ చదవలేదు.

లహరి_ఇన్‌స్ట్రు
ఈ విషయంలో పెద్దాయనకి నా ఓటు.

పాతప్యానెల్
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

స్పిన్నింగ్_శీను
ప్రోగ్రాం తెరిచారు కాబట్టి ఇంకోటి కూడా చూసుకోండి. మాది గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లు. హ్యుమిడిఫికేషన్ ప్లాంటు ఫ్యాన్లు అన్నీ డ్రైవుల మీదే. తేమ తగ్గితే నూలు తెగుద్ది, అందుకని పీఎల్‌సీ నిమిషానికోసారి ఫ్యాను స్పీడు సరిచేస్తా ఉంటది. మూడో నెలలో రెండు డ్రైవులు మెమరీ ఫాల్ట్ అని కూర్చున్నాయి. మార్చాం. ఇంకో మూడు నెలలకి మళ్లీ.
చివరికి తెలిసిందేంటంటే, ప్రోగ్రాం రాసినాయన ఫ్రీక్వెన్సీని కమాండ్ రిజిస్టర్‌లో రాయకుండా కీప్యాడ్ ఫ్రీక్వెన్సీ పారామీటరులో రాశాడు. పారామీటరు రాసిన ప్రతిసారీ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) పడుద్ది, అది సుమారు లక్షసార్లు రాయడానికే చేసింది. నిమిషానికోసారి అంటే లక్ష నిమిషాలు, అంటే 69 రోజులు. కాగితం మీద లెక్క వేసుకుని మా మేనేజరు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలా.

మిల్లుకరెంటు
వామ్మో. మాది చూపిచ్చిన, కమాండ్ రిజిస్టర్‌లనే రాస్తున్నడు. బతికిన.

జెద్దా_పంపుహౌస్
కొన్ని డ్రైవులల్ల ర్యామ్‌లనే రాయి అని వేరే పారామీటరు ఉంటది శీను అన్నా. మా కాడ అదే పెట్టుకున్నం.

బాడ్‌రేట్_బాబాయ్
కేబుల్ సంగతి ఏమైంది? షీల్డ్ రెండు చివర్లా ఎర్త్ చేయాలి, మర్చిపోకు.

లహరి_ఇన్‌స్ట్రు
కాదు. మోటర్ కేబుల్ షీల్డ్ రెండు చివర్లా, డ్రైవు దగ్గరా మోటర్ దగ్గరా. కమ్యూనికేషన్ కేబుల్ షీల్డ్ ఒక చివరే. బాయిలర్ షెడ్డు ఎర్త్, మిల్లు ఎర్త్ వేరువేరుగా ఉంటే రెండు చివర్లా కట్టిన షీల్డ్‌లో కరెంటు పారుతుంది.

బాడ్‌రేట్_బాబాయ్
నేను ఇరవై సైట్లలో రెండు వైపులా కట్టా. అన్నీ నడుస్తున్నాయి.

రిజిస్టర్_రాజు
రెండు వైపులా కడితే హై ఫ్రీక్వెన్సీ నాయిస్ బాగా ఆగుద్ది, నిజమే బాబాయ్. ఎర్తులు ఒకటే అయితే నీది నడుస్తుంది. ఇక్కడ బాయిలర్ షెడ్డు దూరం. అందుకే ఇక్కడ ఒక చివరే. కామన్ వైరు కూడా లాగాలి. ఏ-బీ ఎర్త్‌తో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపే ఉండాలి, రెండు షెడ్ల ఎర్తులు తేడా కొడితే అది దాటిపోతుంది. ఇంకోటి, ఏ-బీ గుర్తులు నమ్మకు, ఒక కంపెనీ ఏ ఇంకో కంపెనీ బీ. వైరు మార్చి చూడు, ఏమీ కాలిపోదు.
రీడింగులు కూడా విడివిడిగా అడక్కు. ఏడు రిజిస్టర్లు ఒక్కోటి అడిగితే 105 బైట్లు అటూ ఇటూ తిరుగుతాయి. ఒకేసారి ఏడూ అడిగితే 27తో అయిపోద్ది.

ఊకపొయ్యి
ఇలా డ్రైవులని వరసగా అడగడాన్ని పోలింగ్ అంటారని మా ఓనరుకి చెబితే, ఈ నెలలో ఎలక్షన్లు ఎక్కడున్నాయిరా అన్నాడండి.

స్పిన్నింగ్_శీను
మా ఆవిడకి సీరియల్ కమ్యూనికేషన్ అని చెప్పా. సీరియలైతే ఎప్పటికీ అయిపోదుగా అంది. కరెక్టే చెప్పింది.

మిల్లుకరెంటు
చేసినయి రాస్త.
9 నుంచి 14 దాక షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ జత, దాంతోపాటు కామన్. వేరే ట్రే, పవర్ కేబుల్‌కు అడుగున్నర దూరం. దాటాల్సినకాడ అడ్డంగ దాటించిన. షీల్డ్ ప్యానెల్ దగ్గర ఒక్కకాడనే ఎర్త్. పాలిషర్ డ్రైవుల క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవు స్విచ్చింగ్ వేగం) 8 కిలోహెర్ట్జ్ నుంచి 4కు తగ్గించిన, మోటర్ కొంచెం కూత పెడుతున్నది గానీ పర్వాలేదు.
పీఎల్‌సీల పలకని డ్రైవును ఒక్కసారే అడిగి, అటెనుక నిమిషానికోసారే పలకరించేటట్టు మార్పిచ్చిన. టైమౌట్ ఐడీ ఫ్యానుకు తప్ప అన్నిటికి 5 సెకండ్లు, ఐడీకి వార్నింగ్ ఒక్కటే. ఎలివేటర్లు నాలుగింటికి బోల్టు, ప్రాక్సిమిటీ. ఎమర్జెన్సీ స్టాప్ చూస్తే అది కూడ హెచ్‌ఎంఐకెళ్లే మోడ్‌బస్ మీద పోతుండె! దాన్ని పీకి, విడిగ వైరింగు చేయించిన.
ఎర్రర్ల లెక్క స్క్రీన్ మీద పెట్టిపిచ్చిన. మూడు రాత్రులు పాలిషర్ ఆపకుంట నడిపినం. 2 వచ్చినయి, రెండూ 13 మీద.

లహరి_ఇన్‌స్ట్రు
13 టెర్మినల్ స్క్రూ బిగించి చూడండి. ఊక ధూళి, వైబ్రేషన్, లగ్గు (వైరు కొసకి పెట్టే తొడుగు) లేని వైరు. నా పందెం అదే.

మిల్లుకరెంటు
బిగించిన మేడమ్, సగం తిరిగింది. లగ్గు లేదు నిజంగనే. పెట్టిన. రెండు రోజులాయె, సున్నా.
ఇగో ఇప్పుడు మా ఓనరు ఇవన్నీ ఆయన ఫోన్ల కనపడాలె అంటుండు.

రిజిస్టర్_రాజు
చూడటం వరకే ఇవ్వు. స్టార్ట్ బటన్ మాత్రం పెట్టకు.

మిల్లుకరెంటు
అదే ముందుగాల అడిగిండు.

పాతప్యానెల్
పొటెన్షియోమీటరు పెట్టి ఇవ్వు, తిప్పుకుంటాడు.